మూడిటికి ఒకటి

ఆస్బ్యోర్న్ మాట సూటిగా ఉంటుంది,
తుపాకులు బాగుచేసేవాడు కదా.
"ఆ మూడూ ఇచ్చెయ్, గుడ్రున్.
ఈ ఒక్కటీ పట్టుకుపో.
స్కోపు నా తరఫున."

అద్దాల బీరువాలో నిలబడి ఉంది అది.
బూడిద రంగు ఒళ్లు, తుప్పెరగని గొట్టం,
చెక్క అన్నది ఎక్కడా లేదు.
తేలిక తూటా వేస్తే నక్కకు,
బరువుది వేస్తే మూస్ దుప్పికి,
మధ్యరకం వేస్తే మధ్యలో ఉన్న అన్నిటికీ.
చేపల పులుసుకూ పళ్ల జామ్‌కూ ఒకే గరిటె
అనుకున్నాను. పైకి అనలేదు.

రాత్రి వంటింటి బల్ల మీద పాత కంబళి పరిచి
మూడిటినీ పక్కపక్కన పడుకోబెట్టాను.
బయట రెండాలెన్ లోయంతా
మంచుగా మారాలా వద్దా అని తేల్చుకోని వాన.
మా కుక్క బిర్క్ వచ్చి ఒకసారి వాసన చూసి
నూనె కంపు నచ్చక పొయ్యి దగ్గరికి పోయింది.

చిన్నది, ఇరవై రెండు.
వేటగాళ్ల సంఘం లాటరీలో తగిలింది.
నేను టికెట్టు కొన్నది ఉన్ని దుప్పటి కోసం.
కాకులకూ, కంచె మీది డబ్బాలకూ తప్ప చాలదు.
చప్పుడు కూడా ఎవరో ఎండుపుల్ల విరిచినంతే.
అమ్మితే ఒక నెల కాఫీకి సరిపోతుంది.

ఆరున్నర.
రంపపు మిల్లులో నా మొదటి ఏడాది జీతం.
కోటు లేని పిల్లకు తుపాకీ ఎందుకని
అమ్మ రెండు వారాలు మాట్లాడలేదు.
ఆ చలికాలం కోటు లేకుండానే గడిచింది.
దీని చెక్క మీద నా చెంప ఆనే చోట
ఒక నునుపు ఉంది.
అరిగింది చెక్కో, చెంపో.

తొమ్మిదీ మూడు.
ఇది టోర్గేర్‌ది. కళ్ళు మసకబారాక
కాగితాల మీద తడుముకుంటూ సంతకం పెట్టి
తుపాకీ నా చేతికిచ్చి
కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.
నాలుగు కిలోల పైమాటే.
పేలిన ప్రతిసారీ గుర్రం తన్నినట్టుంటుంది,
అదీ డాక్టరు కుట్లు వేసిన భుజాన్నే.
మూడు సీజన్లుగా దీన్ని తుడుస్తున్నాను,
మూడు సీజన్లుగా ఇది మురికి కాలేదు.

ఒక వరలో రెండు కత్తులు ఇమడవంటారు.
ఈ ఇనప బీరువాలో మూడు తుపాకులు
ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి తాకకుండా ఇమిడాయి.
ఇమడనిది నేనే.
అరవై మూడేళ్ల వయసులో
ఏ ఉదయం ఏది తీయాలా అని తలుపు ముందు నిలబడి
ఉన్న కాస్త వెలుతురూ పోగొట్టుకునేదాన్ని.

పాత కవరు వెనక లెక్క వేశాను.
పోయినేడు రెయిన్‌డీర్ ఒకటి.
కాకులు, రాసుకోలేదు.
మూస్: నేను కాపున్న చోటికి వచ్చింది ఒక్కటే,
వెనక దూడతో. గొట్టం కిందికి దించేశాను.
కాల్చకుండా ఉండటానికి
ఏ తుపాకీ అయినా పనికొస్తుంది.

తెల్లారి మూడిటినీ కారులో పెట్టుకుని
కొప్పాంగ్ వెళ్లాను.
ఒకదానికొకటి తగలకుండా మధ్యలో నా స్వెటర్లు.
దుకాణం మూసి ఉంది. తలుపుకు కాగితం:
"వేటకు పోయాను. సోమవారం వస్తాను."

చేతులు అడ్డం పెట్టుకుని అద్దంలోంచి చూశాను.
అన్నిటికీ పనికొచ్చేది అక్కడే ఉంది,
మెడలో ధర చీటీతో, బుద్ధిగా.
గల్లాపెట్టె పైన, గోడకు
వాళ్ల తాత తుపాకీ ఉండే చోట
తాళం తీసిన గొలుసు వేలాడుతోంది.
వెనక గోడ మీద
తుపాకీ ఆకారంలో కొత్త సున్నం.

నవ్వొచ్చింది.
భుజం కలుక్కుమనేంత నవ్వు.

సోమవారం మళ్లీ వెళ్తాను.
ఆస్బ్యోర్న్ ఏది మోసుకెళ్తే నాకేం,
నా భుజం అబద్ధం చెప్పదు.
బహుశా రెండిటితో వెళ్తాను.
ఏ రెండో ముందు టోర్గేర్‌కు చెప్పాలి.
అతనికి కనబడదు గానీ
వచ్చే ఏడు కాపు దగ్గర
నేను బోల్టు మూసే చప్పుడు విని
తనది కాదని గుర్తుపడతాడు.